ఎర్త్ గొలుసు

బావా,

రేపు నీ సంవత్సరీకం. నిన్న జీడితోట దగ్గర కరెంటు స్తంభం మీద పిడుగు పడి ఊరంతా కరెంటు పోయింది. వాన వెలిశాక, నీ దగ్గర పని నేర్చుకున్న లైన్‌మన్ సూరి వచ్చాడు.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించాడు. అయినా వెంటనే స్తంభం ఎక్కలేదు. తీగల్లోకి ఎటునుంచి కరెంటొచ్చినా భూమిలోకి పోయేలా, ఎర్త్ గొలుసు కొస ముందు నేలలో దిగేసి, పొడవాటి కర్రతో దాన్ని తీగలకు తగిలిస్తున్నాడు.

"లైనాపేసినారు కదరా, ఇంకా గొలుసేటి? టాంకీలో సుక్క నీరు లేదు, ఎక్కెయ్!" అని మా నాన్న కేకలేశాడు.

సూరి తలెత్తలేదు. "సబ్‌స్టేషనోలు లైనాపగల్రు గానీ మబ్బునాపగల్రేటి, తాతా?" అన్నాడు.



పోయినేడు ఆ రోజు నువ్వూ లైన్ ఆపించే ఎక్కావు. ఊరి తొందరకి గొలుసు మాత్రం వెయ్యలేదు. మన దగ్గర ఎండ కాస్తోంది. పిడుగు ఎక్కడో చీపురుపల్లి వైపు తీగల మీద పడి, నీ దాకా వచ్చింది.

సూరి ఎక్కి, తీగను మోసే పగిలిన పింగాణీ మార్చి, దిగి, గొలుసు తీసి ఫోన్ చేశాడు. కరెంటొచ్చిందని ఊళ్లోంచి కేకలు వినిపించాయి. నేను బురదలో ఉన్న సూరి కాళ్లనే చూస్తున్నాను.

ఎక్కిన మనిషి దిగొచ్చాడు, బావా.