ఓడలో మామయ్యగారు

ఆదివారం, మధ్యాహ్నం

వదినగారికి మీ మరదలి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. సరస్సు దగ్గర సెలవులు గడిపి మొన్ననే తిరిగొచ్చాం. ఫొటోలు పంపమన్నారు కదా, వాటికంటే ముందు కాస్త చెప్పాలి.

పిల్లలు ఈతలకని, మీ తమ్ముడు నిద్రకని వెళ్లారు. నేను మాత్రం అక్కడి రేవులో కట్టేసి ఉన్న శిక్షణ ఓడ కోసమే వెళ్లాను. మామయ్యగారు దానికి కెప్టెన్‌గా చేశారని పెళ్లైనప్పటి నుంచి వింటున్నాను. కెప్టెన్‌గారింట్లో పద్ధతులు ఎలా ఉండేవో, వచ్చినప్పుడల్లా మీరు నాకు నేర్పుతూనే ఉన్నారు. ఆ గొప్పేదో కళ్లారా చూద్దామనుకున్నాను. మామయ్యగారు మోకాళ్ల నొప్పులన్నారు, ఎండన్నారు. వినకుండా టికెట్లు కొనేశాను.

ఓడ చూపించే శిక్షకుడితో, ఈయన మీ పాత కెప్టెన్ అని చెప్పింది కూడా నేనే. అతను నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. కెప్టెన్ల ఫొటోలున్న గదికి తీసుకెళ్లి, మీది ఏదండీ అని అడిగాడు. మామయ్యగారు ఒక్కో ఫొటో ముందూ ఆగి, గోడలకి రంగులేసినప్పుడు తీసేసుంటారు బాబూ అన్నారు. చొక్కా తడిసిపోయింది. పోనీలెండి అని నేను అనొచ్చు. అనలేదు.

అంతలో స్టోర్‌రూమ్ ముసలాయన తొంగిచూసి, ఒరే మసిగా, ఇంకా ఉన్నావా అంటూ వచ్చి వాటేసుకున్నాడు. పాపం ఆయన సంతోషం నిజమైనదే. ఉద్యోగమంతా కింద వంటగదిలో గిన్నెలు తోమాడని, వీడు తోమితే మొహం చూసుకోవచ్చని అందరికీ చెప్పాడు. మమ్మల్ని కిందికి లాక్కెళ్లి ఆ గిన్నెలు తోమే తొట్టి కూడా చూపించాడు. మరి కెప్టెన్ అన్నారేంటని శిక్షకుడు అడిగితే, గొప్పకి పోయాను బాబూ అన్నారు మామయ్యగారు.

శిక్షణలో ఉన్న కుర్రాళ్లు పగలబడి నవ్వారు. ఒకడు కెప్టెన్ టోపీ తెచ్చి ఆయన నెత్తిన పెట్టాడు. తొట్టి పక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. తీసినంతసేపూ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. మీ తమ్ముడు గుండ్రటి కిటికీలోంచి నీళ్లు చూస్తూ ఉండిపోయారు. మా చిన్నది, తాతయ్యా, తుఫానులో ఓడని ఒడ్డుకి తెచ్చింది కూడా అబద్ధమేనా అంది. అవునమ్మా అన్నారు.

నాకు నవ్వొచ్చింది వదినా, దాచను. ఎన్నాళ్లుగానో గుండెల మీదున్న బరువు దిగినట్టయింది.

ఇప్పుడు పిల్లలు ఆయన్ని కెప్టెన్ మసి అని పిలుస్తున్నారు. నేను వద్దనలేదు. భోజనాలయ్యాక ఆయనే లేచి అందరి కంచాలూ తోమి బోర్లిస్తున్నారు. అదీ వద్దనలేదు.

టోపీ ఫొటోలు ఇందులోనే పెడుతున్నాను. అన్నయ్యగారికీ చూపించండి.

ఇట్లు
మీ మరదలు

తా.క. కవరు అంటించబోతుంటే అత్తయ్యగారు ఫొటోలు చూసి ఏడ్చారు. ఇన్నేళ్లూ ఈ అబద్ధమెందుకని అడిగితే చెప్పారు. మీరు బళ్లో చదువుకునేటప్పుడు ఒకరోజు ఆయన పని బట్టల్లోనే మీకు భోజనం డబ్బా తెచ్చారట. ఎవరతనని స్నేహితురాళ్లు అడిగితే, మా నాన్న ఓడకి కెప్టెన్, ఇతను మా నౌకరు అన్నారట మీరు. మామయ్యగారు గుమ్మంలో ఉండి విన్నారట. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, డబ్బా మీ బల్ల మీద పెట్టి, ఇంకేమైనా కావాలా అమ్మగారూ అని అడిగి వెళ్లిపోయారట.