నాయన గీసుకున్న గీత

1939 జూలై 3
నాయన సైకిలు మీద మొదటిసారి కర్నూలు హైస్కూలుకు. ఏడు మైళ్లు. పెడలు కిందికి పోతే పాదం అందదు, వేళ్ల కొసలతో తోయాలి. నడుము అటూ ఇటూ ఊగుతుంది. సీటు దించుకుంటానంటే అమ్మ ఒప్పుకోలేదు. నాయన లేచాక మళ్లీ సువార్తకు ఊళ్లు తిరగాలి కదా...
నాయనకు పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి నాలుగు నెలలు.

జూలై 5
తొడలు ఒరుసుకుపోయాయి. బెంచీ మీద కూర్చోలేను. పుండును వ్రణం అంటారని ఈరోజే చదివాను. ఎంత గంభీరమైన మాట! మంట మాత్రం తగ్గలేదు.

జూలై 6
సైకిలు షాపు మస్తాన్ సాయబు నన్ను ఆపాడు. "ఏమప్పా, ఈతచెట్టు ఎక్కినట్ల తొక్కుతాండావు?"
సీటు మీద చంక ఆనించి చెయ్యి కిందికి చాపమన్నాడు. వేళ్ల కొస పెడళ్ల ఇరుసుకు తగలాలట. నాకు రెండంగుళాలు చాలలేదు. అంత మేర దించి, సీటు ముక్కు కాస్త వంచాడు. పానా కూడా ఇచ్చి పంపాడు.
తేలిపోతూ వచ్చాను. ఊరి బయట ఆగి, సీటును మళ్లీ పాత గీత దాకా ఎత్తి బిగించాను. నాయన తన ఎత్తుకు సీటు కడ్డీ మీద ఆకురాయితో గీసుకున్న గీత అది.

జూలై 7
పొద్దున దించడం, సాయంత్రం ఎత్తడం. అబద్ధానికి కూడా పానా కావాలి.

జూలై 9, ఆదివారం
గుడిలో అయ్యగారు నాయన లేచి నడవాలని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు.

జూలై 12
వానలో తడుస్తూ వచ్చాను. సీటు ఎత్తడం మరిచాను. సైకిలు నాయన మంచం పక్కనే...
సీటు దిగి ఉండడం నాయన చూశాడు. దగ్గరికి వంచమన్నాడు. కుడి చంక సీటుకు ఆనించి చెయ్యి చాపాడు. వేళ్లు ఇరుసు దాటిపోయాయి.
"ఆకురాయి పెట్టెలో ఉండాది. నీ గీత నువ్వు గీసుకో." మాట ముద్దగా వచ్చింది. అయినా ప్రతి అక్షరం వినబడింది.
అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

జూలై 13
సీటు ఎక్కడ బిగించాలో తెలియలేదు. సైకిలు నడిపించుకుంటూ ఏడు మైళ్లు నడిచాను. సాయబు అడిగితే గాలి పోయిందన్నాను.
ఆకురాయి సంచిలో ఉంది. ఇంటికి పోతే గీత గీశావా అని నాయన అడుగుతాడు.