గొంతుకి గడి లేదు

గుణదల,
గురువారం.

చిరంజీవి జయంత్‌ను మీ నాన్న దీవించి రాసేది.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అలా రాయడం అలవాటు కనుక రాశాను. మీ అమ్మయితే కులాసాగానే ఉంది. సోమవారం నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నాకే అన్నం సయించడం లేదు. ఫోనులో నాకు మాట పెగలదని తెలిసి, తీరిక లేకపోయినా నువ్వు ఉత్తరమే రాస్తావు. అది నాకు సంతోషం.

మూడు రోజులుగా ముసురు పట్టింది. కాలవ నిండుగా పారుతోంది. కొండ మీది శిలువ మబ్బులో కనపడడం లేదు. మీ అమ్మ మోకాలికి నువ్వు పంపిన నూనె పనిచేస్తోంది. కోడలు సుస్మితకి ఆ మాట చెప్పు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. రెండు నెలలు పోటీకి దించకుండా కట్టేసి ఉంచిన గిత్తకి నా నోటుబుక్కులో ఊపు మార్కులు ఎన్ని తగ్గించేవాడినని అడిగావు. సగం తగ్గించేవాణ్ణి. బండ బరువు పెరిగితే నిలకడ మార్కు మార్చేవాడినా అని అడిగావు. మార్చేవాణ్ణి కాదు. బరువైన బండతోనూ మొదటి మూడు స్థానాల్లో వస్తేనే అది నిలకడ. గుర్రం మీద వేసే బరువుకి కూడా ఇదే లెక్క సరిపోతుందో లేదో నాకు తెలియదు. గుర్రాన్ని నేను పెళ్ళి ఊరేగింపులో తప్ప చూడలేదు.

ఉగాదికి వచ్చినప్పుడు నా నోటుబుక్కు తీసుకువెళ్ళావు. బండ లాగుడు పోటీల్లో ఎడ్ల జతలకి నేను మార్కులు వేసుకున్న పుస్తకం అది. చివరి ఐదు పోటీలు ఎలా లాగాయో చూసి ఊపుకి ఐదు, మొత్తం మీద ఎంత నమ్మకంగా లాగుతాయో చూసి నిలకడకి ఐదు. పదికి తొమ్మిది దాటిన జత నెగ్గుతుందని రాసేవాణ్ణి. అందులో అరవై పోటీలు ఉంటే యాభై రెండు సరిపోయాయని లెక్క తీశావు. "నాన్నా, నీ అంతటివాడు మలక్‌పేట గుర్రప్పందేల్లో కూడా లేడు" అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. చాలాసేపటికి గాని మిగతాది చదవలేకపోయాను.

ఇప్పుడు నా పద్ధతిలోనే గుర్రాలకి మార్కులు వేస్తున్నావు. ఈ ఆదివారం పరుగెత్తే నాలుగో నంబరు గుర్రానికి పదికి తొమ్మిదిన్నర వచ్చిందని, శనివారం కారు అమ్మేసి అంతా దాని మీదే పెడతానని, సుస్మితకి చెప్పవద్దని రాశావు. ఆ కారు నడిపితేనే కదరా మీ ఇంట్లో పొయ్యి వెలిగేది.

నీతో ఒక సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మనం గుణదలకి రాకముందు ఊళ్ళో ఉన్న సొలొమోను నీకు గుర్తుండే ఉంటాడు. నిన్ను భుజాన కూర్చోబెట్టుకుని పోటీలు చూపించినవాడు. గన్నవరం వైపు ఒక జత అమ్మకానికి వచ్చింది. వాటికి ఊపు ఐదు, నిలకడ ఐదు. నా పుస్తకంలో పదికి పది వచ్చిన జత అదొక్కటే. సొలొమోను వచ్చి మన అరుగు మీద కూర్చున్నాడు.

"కొనమంటారా కోటేశ్వర్రావుగారూ?" అన్నాడు.

నేను నోటితో చెప్పలేదు. పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. అతను తన అరెకరం అమ్మి వాటిని కొన్నాడు.

ఆ ఏడాది పోటీలో నాలుగో నిమిషానికి ఎడమ గిత్త మోకాళ్ళ మీద కూలబడింది. సొలొమోను బతిమాలాడు, అరిచాడు, ఏడ్చాడు. లేవలేదు. జనంలోంచి ఎవడో కేక వేశాడు, "ఏమండీ మాస్టారూ, పడుకున్నందుక్కూడా మార్కులున్నాయా?" అని. అందరూ నవ్వారు.

తర్వాత తెలిసింది. అంతకుముందు ప్రతి పోటీలోనూ వాటిని తోలింది పాత ఆసామి. అవి పుట్టినప్పట్నుంచి విన్నది ఆ ఒక్క గొంతే. కొత్త గొంతుకి అవి లాగలేదు. నా పుస్తకంలో ఊపుకి గడి ఉంది, నిలకడకి గడి ఉంది. గొంతుకి గడి లేదు.

సొలొమోను నన్ను ఒక్క మాట అనలేదు. "మీ పుస్తకం తప్పు కాదులెండి. గిత్తకే చదువు రాదు" అని నవ్వి, నెల తిరక్కుండా విజయవాడ వెళ్ళిపోయాడు. ఇప్పటికీ వన్ టౌన్‌లో బస్తాలు మోస్తూ ఎదురైతే తనే ముందు నమస్కారం పెడతాడు. నేను పక్క సందులోకి తిరిగిపోతాను.

ఆ పోటీ రోజు ఇంటికి వచ్చి ఆ పేజీ చింపేశాను. తర్వాత, అంతకుముందు ఘోరంగా తప్పినవి కూడా ఒక్కొక్కటే చింపాను. మొత్తం నలభై ఒక్క పేజీలు. సిగ్గుపడి చింపాను జయంత్. నలుగురిలో నోరు విప్పలేనివాణ్ణి. ఆ పుస్తకం ఉందనే నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నువ్వూ బడిలో "మా నాన్న చెప్పిన జత ఓడదు" అని చెప్పుకునేవాడివి. నీ దగ్గర ఉన్నవి మిగిలిన పేజీలు మాత్రమే. కుట్టు దగ్గర వేలు పెట్టి చూడు, చింపిన అంచులు తగులుతాయి. కొద్దిలో తప్పిన ఎనిమిది తప్ప సరిపోయినవే మిగిల్చాను కనుక దాదాపు అన్నీ సరిపోయినట్టు కనపడుతోంది.

ఇంకొకటి. నీ ఉత్తరంలోనే ఒక మూల రాశావు, ఈసారి ఆ గుర్రం మీద కొత్త జాకీ ఎక్కుతున్నాడని. దానికి నువ్వు ఒక్క మార్కు కూడా తగ్గించలేదు. తగ్గించాలని నీకు ఎలా తెలుస్తుంది? ఆ పాఠం ఉన్న పేజీ నేనే చింపాను.

ఆ గుర్రం గెలవదని నేను చెప్పడం లేదు. గెలవనూ వచ్చు. నాకు తెలియదు. తెలుసని నువ్వు అనుకోవడమే నా భయం.

ఇది పోస్టులో వేస్తే శనివారానికి అందుతుందో లేదో. అందుకే రేపు తెల్లవారుజాము బండికి నేనే తెస్తున్నాను. మీ అమ్మ సంచి సర్దుతోంది.

"ఫోనులోనే నోరు పెగలని మనిషి అంత దూరం వెళ్ళి ఏం చేస్తారు?" అంది.

"ఉత్తరం ఇస్తాను."

"ఇచ్చి?"

"నిలబడతాను."

సంచి పక్కన పెట్టింది. బీరువా కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, పైన దుమ్ము తుడిచి నా చేతికిచ్చింది. "ఈ చింపిన కాగితాలు కూడా పట్టుకెళ్ళండి. ఇన్నేళ్ళుగా దులుపుతున్నాను, మీరే ఒక రోజు తీస్తారని" అంది. పారేయలేకపోయానని ఆమెకి తెలుసన్నమాట.

మొదటి పేజీ సొలొమోనుది. పదికి పది.

ఇది చదువుతున్నప్పుడు నేను మీ గుమ్మంలో ఉంటాను. నాతో ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఆ నలభై ఒకటీ చూసి, తర్వాత కారు తాళం ఏం చేయాలో నువ్వే ఆలోచించుకో. చూడడం పూర్తయ్యే వరకు నన్ను లోపలికి రమ్మనకు.

ఇట్లు,
గుమ్మంలో నిలబడ్డ మీ నాన్న,
రామకోటేశ్వరరావు