చలి తెలియని ఉడుత

తమ్ముడూ నర్సింలూ, నువ్వు పోయి నేటికి ఏడాది.

పొద్దున నీ మేనకోడలు పింకీ తన మరాఠీ పాఠం చదివి, నాకు తెలుగులో చెప్పింది. మంచుదేశాల్లో ఒక ఉడుత చలికాలమంతా బొరియలో నిద్రపోతుందట. ఒళ్లు మంచుగడ్డలా అయినా దానికి చలి బాధ తెలియదట.

“మామ లెక్కనే కదమ్మా?” అంది.

నువ్వు చేపల కోల్డ్ స్టోరేజీ పనికి మే ఎండలో స్వెట్టర్ తొడుక్కుని పోతుంటే బొంబాయిలో మన కామాటిపుర గల్లీ అంతా నవ్వేది. “చలి నన్నేం చేస్తదక్కా? నువ్వు అల్లినవని ఏస్కుంటున్న” అనేవాడివి. ఆ రోజు కోల్డ్ స్టోరేజీ వాళ్లు నువ్వు లోపల ఉన్నావో లేదో చూడకుండానే బయట గడియ పెట్టి పోయారు. తెల్లారి తలుపు తీస్తే, నువ్వు విప్పేసిన స్వెట్టర్ నీ పక్కనే పడి ఉంది. చలికి ప్రాణం పోయే ముందు కొందరికి ఒళ్లు మండినట్టు ఉంటుందని డాక్టర్ అన్నాడు.

పింకీ ఇంకా చదివింది. మరీ చల్లబడితే ఉడుత మెదడు పసిగట్టి, ఒంట్లో వేడి పుట్టిస్తుందట. చలికాలం పోయాక అది లేచి బయటికొస్తుందట.

“మరి మామ ఎందుకు రాలే?”

“ఉడుత బొరియకు బయట గడియ ఎవడు పెడ్తడే?” అన్నాను.