పాస్టరుగారు ఒప్పుకున్నారక్కా

గ్రేసక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కువైట్ యుద్ధం నాడు మస్కట్ ఆసుపత్రిలో నర్సుగా చేరిన నాకు పని నేర్పిన జమైకా నర్సువి నువ్వు. మీ ముత్తవ్వ తల్లిని మన సంఘపు ఇంగ్లండు పెద్దలే బానిసగా కొని చెరకు తోటలో పనికి పెట్టారని చర్చిలో ఒప్పుకోమంటూ మన ఇంగ్లండు పాస్టరుగారిని ఎన్నిసార్లు అడిగావో!

ఈ శుక్రవారం ఆరాధనలో ఆయన ఒప్పుకున్నారు. "మా ఇంగ్లండు పెద్దలు మనుషుల్ని కొన్నారు. మమ్మల్ని క్షమించండి" అంటూ అందరి ముందూ మోకరించారు.

"ఆయమ్మ ఈ పొద్దు ఉండాల్సిండె" అంటూ నిన్ను తలుచుకుని నా పక్కనున్న కడప మేరీ పిన్ని కళ్లు తుడుచుకుంది.

సాక్ష్యం చెప్పడానికి నేనూ లేచాను. మా ఊరి చర్చిలో మాలపల్లె వాళ్లమని మమ్మల్ని వెనక కూర్చోబెట్టేవారనీ, ఇక్కడ నువ్వే చెయ్యి పట్టుకుని ముందు వరుసకు తీసుకెళ్లావనీ చెప్పాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోని ఆ మాట నోరారా చెప్పి, నిన్ను నాకిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెల్లించాను.