టాక్సీవాడి మెడలో పాము

2008 నవంబరు 14, శుక్రవారం. సాల్మియా, కువైట్.

ఆ కొత్త వీడియో గేమ్‌లో ఇండియా టాక్సీ డ్రైవరు మెడలో పాము వేసుకుని తిరుగుతాడు. అది మా షాపులోకి వచ్చిన దగ్గర్నుంచి కొనడానికి వచ్చిన ప్రతివాడూ "నీ పామేది?" అని నన్నడగడమే. నాతో పనిచేసే జగిత్యాల మల్లేశం కూడా, "ఏమన్నా, పాముకు పాలు పోసినవా?" అంటాడు.

"మా కోనసీమలో చవితికి పుట్టలో పోత్తాంరా, మెడలో ఏసుకోం" అన్నాను.

పాములవాడన్న పేరు నాకు స్థిరపడిపోతుందేమోనని భయం. ఆ గేమ్ తీసేయమని ఓనరు అబూ ఫహద్‌ని అడిగితే, "తమాషాకే కదా, నవ్వడం నేర్చుకో" అన్నాడు.

ఈ సాయంత్రం ఆయనే ఆడి చూశాడు. టాక్సీ అరబ్బుల బజారులోకి వెళ్లింది. అక్కడ రొట్టెల కొట్టు బోర్డు మీద, కలిపి కుడి నుంచి ఎడమకు రాయాల్సిన అరబ్బీ అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి రాసి ఉన్నాయట. నాకు అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఆయన మొహం మాడిపోయింది.

"ఒక్క అరబ్బునైనా అడగొద్దా ఈ గేమ్ చేసినవాళ్లు? యల్లా, అన్నీ తీసెయ్. ఖలాస్!"

"తమాషాకే కదా" అని నా నోటిదాకా వచ్చింది. నేనిక్కడ ఉండటానికి కావాల్సిన ఇఖామా కాగితం ఆయన చేతిలోనే ఉందని గుర్తొచ్చి మింగేసి, పెట్టెలు సర్దాను.

షాపు మూసేవేళ ఒకడొచ్చి మళ్లీ పామేదన్నాడు. సెలవు మీద ఇండియా పోయిందని చెప్పాను.

ఎప్పుడొస్తుందని అడిగాడు.