రెండో ఆర్తెమిసియోస్

డైసియోస్ 6, మధ్యాహ్నం

గ్రానికోస్ ఏరు దగ్గర ఆగాం. అవతలి గట్టున పర్షియా గుర్రాలు. డైసియోస్ కోతల నెల. మా మాసిడోనియాలో ఏ రాజూ ఈ నెలలో దండు కదిలించడు. పెద్దవాళ్లు గొణుగుతున్నారు. నా తమ్ముడు కొరాగోస్ గట్టిగానే అంటున్నాడు, ఈ నెల్లో ఏట్లో దిగితే తిరిగి రాం అన్నయ్యా, అక్కడ అమ్మ ఒక్కతే బార్లీ కోసుకుంటుంటే మనకిదేం పాడు పని అని. వాడికి పంతొమ్మిదేళ్లు. నోరు మాత్రం అరవయ్యేళ్లది.

రెండో ఆర్తెమిసియోస్ 6, అదే మధ్యాహ్నం

అలెగ్జాండర్ రాజుగారి ఆజ్ఞ వచ్చింది. ఇది డైసియోస్ కాదట. గడిచిన నెల ఆర్తెమిసియోసే రెండోసారి వచ్చిందనుకోవాలట. దండు దస్త్రం రాసేది నేను. కొట్టేసి, కొత్త పేరు రాశాను.

కొరాగోస్ వచ్చాడు. రాజు మాట కాదు, నువ్వు చెప్పు, నిజంగా నెల మారిందా అన్నాడు. మారింది, రాసేశాను, పోరా అన్నాను. నువ్వు రాశావంటే సరే అని నవ్వి, డాలు తీసుకుని వెళ్లాడు.

రెండో ఆర్తెమిసియోస్ 7

గెలిచాం. కాలిబంట్లలో పోయింది తొమ్మిది మందేనట. అందరూ ఆశ్చర్యపోతున్నారు.

తొమ్మిదిలో కొరాగోస్ ఒకడు.

రెండో ఆర్తెమిసియోస్ 8

ఆయుధాలతోనే పాతిపెట్టారు. ఏడుపు రాలేదు. సాయంత్రం పప్పు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

గోర్పియాయోస్ 20

సార్దిస్, ఎఫెసోస్, మిలేటోస్. ఊరి పేరు రాస్తాను, పక్కన లొంగింది అనో, పట్టుకున్నాం అనో రాస్తాను. ఏమీ అనిపించడం లేదు.

క్సాంతికోస్ 11, గోర్డియోన్

చలికాలం సెలవు మీద ఇంటికెళ్లిన కొత్త పెళ్లికొడుకులు తిరిగొచ్చారు. ఒకడు అమ్మ కబురు మోసుకొచ్చాడు. పెద్దోడా, తమ్ముడి తద్దినానికి పాలూ తేనే పోయాలి, ఏ రోజున పొయ్యను? ఊళ్లో వాళ్లేమో రెండో ఆర్తెమిసియోస్ అంటున్నారు, అది ఈ ఏడు రాదట కదా, నువ్వు రాసేవాడివి, నీకు తెలుస్తుంది నాయనా అని.

ఆ నెల ఇక ఏ ఏడూ రాదు.

క్సాంతికోస్ 12

రేపు ఊరికి మనిషి వెళ్తున్నాడు. డైసియోస్ అని చెప్పి పంపితే, తెలిసీ వాణ్ణి ఏట్లోకి ఎందుకు పోనిచ్చావురా అంటుంది. భయంగా ఉంది. ఇన్ని నెలల్లో నాకు అనిపించింది ఇదొక్కటే.

క్సాంతికోస్ 13

ఊరెళ్లే మనిషికి చెప్పాను. డైసియోస్ ఆరు. నెల మారిందని తమ్ముడితో చెప్పి పంపింది పెద్దోడేనని కూడా చెప్పు అన్నాను. అదంతా ఎందుకన్నా, రోజు చెబితే చాలదా అన్నాడు. చాలదన్నాను.

డైసియోస్ 6

అమ్మ ఈ పూట పాలు పోసి ఉంటుంది.

దండు పొద్దున్నే కదిలింది. తమ్ముడి తద్దినం కదా, కదల్లేదని దస్త్రంలో రాశాను.